పాత టేకు, కొత్త బ్యాండ్‌సా: మోటారు మీద నింద పడిన ఒక కేసు

ఇది రెండేళ్ళ కిందటి సంగతి. షాపు కోస్తాలో ఒక చిన్న పట్టణంలో ఉంది, అంతకు మించి ఆనవాలు చెప్పను. యజమాని నలభై దాటినవాడు, నన్ను బాబాయ్ అని పిలుస్తాడు. ఇక్కడ షాపాయన అనే రాస్తాను. నేను చెక్కపని మెషీన్లు బిగించి, సెట్టింగ్ చేసి, పాడైతే బాగుచేసే మనిషిని. ఈ కేసులో మొదటి తప్పు నాదే, అందుకే రాసి పెట్టుకుంటున్నాను.

నేపథ్యం

ఆ షాపులో ముఖ్యంగా చేసేవి పూజా మందిరాలు, తలుపు పానెళ్ళు. కలప అడితిలో కొన్నది కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో మండువా లోగిళ్ళు పడగొట్టినప్పుడు బయటపడే దూలాలు, స్తంభాలు, తలుపు చెక్కలు కొంటాడు. చాలావరకు బర్మా టేకు. ఎనభై తొంభై ఏళ్ళు కప్పు కింద ఆరిన చేవ. అది కొత్తగా వంగేదీ లేదు, పగిలేదీ లేదు. మందిరం చేసేవాడికి అంతకంటే ఏం కావాలి? కాకపోతే రంపానికి అది శత్రువు. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, పళ్ళ పదును త్వరగా తినేస్తుంది. దానికి తోడు పాత మేకులు. తలకాయ తుప్పుపట్టి రాలిపోతుంది, ఒళ్ళు మాత్రం లోపలే ఉంటుంది.

మందిరం వెనక పలకకూ పక్క పలకలకూ 6 మి.మీ. మందం చాలు. అందుకని 2 అంగుళాల చెక్కను నిలబెట్టి, వెడల్పు పొడుగునా పలకలుగా చీల్చుకోవాలి. సర్క్యులర్ రంపంతో చేస్తే ఒక్కో కోతకు 3 మి.మీ. పొట్టైపోతుంది, పైగా 8 అంగుళాల వెడల్పు దాని బ్లేడుకు అందదు. బ్యాండ్‌సా అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే పొడుగాటి బ్లేడు రంపం, దాని కోత మిల్లీమీటరు చిల్లర. షాపాయన దగ్గరున్నది 14 అంగుళాల చక్రాల మెషీన్, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. ఆ రకం మెషీన్ మామూలుగా 6 అంగుళాల ఎత్తే కోస్తుంది. ఫ్రేము మధ్యలో రైజర్ బ్లాక్ (ఎత్తు పెంచే ఇనుప దిమ్మ) పెట్టించి 12 అంగుళాలు చేయించుకున్నాడు.

కోత మిల్లుకు పంపొచ్చు కదా అనొచ్చు. పంపాడు. పాత ఇంటి కలప అనగానే మిల్లువాళ్ళు వద్దన్నారు. ఒక్క మేకు తగిలితే వాళ్ళ నాలుగంగుళాల బ్లేడు పళ్ళు పోతాయి, సా డాక్టర్‌కు, అంటే బ్లేడులు సానపట్టి బాగుచేసేవాడికి, ఒక పూట పని పడుతుంది, ఆ పూటంతా మిల్లు ఆగుతుంది. వాళ్ళను తప్పుపట్టలేం.

ఫోన్‌లో వచ్చిన సమస్య, ఫోన్‌లోనే ఇచ్చిన సలహా

"బాబాయ్, ఎనిమిదంగుళాల చెక్క పెడితే మోటారు మూలిగి ఆగిపోతోంది. రెండు హెచ్‌పీ వేసేద్దామా?"

నేను ఆ రోజు వేరే ఊళ్ళో ఒక చిత్రిక మెషీన్ విప్పదీసి కూర్చున్నాను. "వేసెయ్ అబ్బాయ్" అన్నాను. 8 అంగుళాల టేకుకు 1 హెచ్‌పీ చాలదన్న మాట నిజమే. నిజం కాబట్టే దాని వెనక ఇంకేముందో ఆలోచించలేదు.

మూడు వారాలకు మళ్ళీ ఫోన్. ఇప్పుడు మోటారు ఆగడం లేదు. కానీ నెలకొకటి పోయే బ్లేడు వారానికి రెండు తెగుతున్నాయి, పలకలు దోనెల్లా వస్తున్నాయి. ఈసారి బస్సెక్కాను.

వెళ్ళగానే మెషీన్ ముట్టుకోలేదు. "ఎప్పుడూ చేసేలాగే ఒక చెక్క చీల్చు" అని పక్కన నిలబడ్డాను. పైనుంచి చూస్తే బ్లేడు గీత మీదే నడిచింది. కింద టేబుల్ దగ్గరా గీత మీదే ఉంది. పలక విడిపోయాక దాన్ని నిలబెట్టి మూలమట్టం అంచు ఆనించి వెలుతురుకు పట్టుకున్నాను. రెండు చివరలూ ఆనాయి, నడుమ మాత్రం ఒక నూలు ఖాళీ. అంటే 3 మి.మీ. పైగా. పైనా కిందా గైడ్ బేరింగులు బ్లేడును పట్టుకుంటాయి. చెక్క లోపల పట్టుకునేది ఏదీ ఉండదు. వెనకనుంచి తోపు ఎక్కువై, ముందు పళ్ళు తినలేకపోతే బ్లేడు మధ్యలో విల్లులా పక్కకు ఒరుగుతుంది.

ఇదివరకు బ్లేడు అంతగా ఒరిగే లోపే 1 హెచ్‌పీ మోటారు ఆగిపోయేది. ఆ ఆగిపోవడమే ఇన్నాళ్ళూ బ్లేడును కాపాడింది. నా సలహాతో ఆ ఫ్యూజు పీకేశాం.

ఏం కొలిచాను, ఎందుకు కొలిచాను

మొదట కరెంటు. కారణం సాదా సీదాది: మోటారు ఆగిపోయిందంటే బలం చాలలేదని అర్థం. ఉన్న బలం అయినా పూర్తిగా అందుతోందా అన్నది ముందు తేలాలి. మీటరు దగ్గర 212 వోల్టులు. పక్కన చిత్రిక మెషీన్ తిరుగుతుండగా బ్యాండ్‌సా మోటారు దగ్గర చూస్తే 193. మీటరు నుంచి షెడ్డు చివరకు 40 మీటర్ల దూరం, 1.5 చదరపు మి.మీ. రాగి వైరు, దాని మీద రెండు మెషీన్లూ కలిపి 20 ఆంపియర్లు. వైరు చేతికి వెచ్చగా తగిలింది. ఇండక్షన్ మోటారు ఇవ్వగల గరిష్ఠ టార్కు (తిప్పే బలం) వోల్టేజీ వర్గంతో పాటు తగ్గుతుంది. 193ని ఉండాల్సిన 230తో భాగించి వర్గం చేస్తే 0.70. అంటే మోటారుకు ఉండాల్సిన గరిష్ఠ బలంలో దాదాపు మూడో వంతు బయటి లైనులోనూ, ఈ వైర్లలోనూ కలిపి పోయింది. రెండు హెచ్‌పీ మోటారు పెట్టాక అదే వైరు మీద భారం ఇంకా పెరిగింది. షెడ్డు నిండా ఎండు పొట్టు, పైన కాగుతున్న వైరు. ఆ పూటే చిత్రిక మెషీన్, బ్యాండ్‌సా ఒకేసారి నడపొద్దని చెప్పాను. మిగతావన్నీ తర్వాతి మాట.

తర్వాత బ్లేడు. అంగుళానికి ఆరు పళ్ళది వాడుతున్నాడు, కోత నున్నగా వస్తుందని. ఇక్కడ చిన్న లెక్క వేశాను. ఆ మెషీన్‌లో బ్లేడు నిమిషానికి సుమారు 900 మీటర్లు పరుగెడుతుంది. చెక్కను అతను నిమిషానికి అర మీటరు చొప్పున తోస్తున్నాడు. పంటికీ పంటికీ దూరం 4.2 మి.మీ. ఈ మూడూ కలిపితే ఒక్కో పన్ను తినేది 0.0023 మి.మీ. అది కోయడం కాదు, రుద్దడం. రుద్దితే వేడి, వేడికి పదును పోవడం. పైగా 8 అంగుళాల లోతులో ఒకేసారి 48 పళ్ళు చెక్కలో ఉంటాయి. ఒక్కో పన్ను తీసిన పొట్టు చెక్క దాటి బయటపడేదాకా పళ్ళ మధ్య గుంటలోనే ఉండాలి. ఆరు పళ్ళ బ్లేడులో ఆ గుంట చిన్నది. నిండిపోయాక పన్ను ముందుకు పోదు, బ్లేడు పక్కకు దారి చూసుకుంటుంది. పొట్టు అరచేతిలోకి తీసుకుంటే గోధుమపిండిలా మెత్తగా ఉంది. మంచి కోతలో అది సన్నటి రవ్వలా తగలాలి.

మూడోది బ్లేడు బిగువు. అసలు దొంగ ఇక్కడ దొరికాడు. మెషీన్ మీద టెన్షన్ చూపించే గీతలను నేను నమ్మను, స్ప్రింగు సత్తా తగ్గాక అవి అబద్ధం చెబుతాయి. వర్నియర్ కాలిపర్‌ను రెండు చిన్న క్లాంపులతో బ్లేడు మీదే బిగిస్తాను, దవడల మధ్య 250 మి.మీ. ఉండేలా. బ్లేడు వదులుగా ఉన్నప్పుడు రీడింగ్ సున్నా చేసి, టెన్షన్ చక్రం తిప్పుతూ ఎంత సాగిందో చూస్తాను. 250 మి.మీ.లో 0.01 మి.మీ. సాగిందంటే సుమారు 1,200 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అనే కొలత) బిగువు ఎక్కినట్టు. చీల్చే పనికి మామూలు కార్బన్ స్టీలు బ్లేడు 15,000 నుంచి 20,000 పీఎస్‌ఐ దాకా కోరుతుంది. అంటే 0.13 నుంచి 0.17 మి.మీ. ఇక్కడ స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి ఆనుకునేదాకా తిప్పినా 0.05 దాటలేదు. 6,000 పీఎస్‌ఐ. అంత వదులు బ్లేడు ఒరగక ఏం చేస్తుంది?

అంత తక్కువ ఎందుకంటే, వెడల్పు బ్లేడైతే వంగదని షాపాయన ముప్పావు అంగుళం బ్లేడు వేశాడు. 19 మి.మీ. వెడల్పు, 0.8 మందం. విన్నవాడెవడైనా సరే అనే మాట. కానీ స్ప్రింగు లాగే బలం అంతే, ఆ బలం పంచుకునే ఉక్కు ఎక్కువైంది. అర అంగుళం వెడల్పు, 0.5 మందం బ్లేడుతో పోలిస్తే ఇందులో ఉక్కు దాదాపు రెండున్నర రెట్లు. బిగువు ఆ లెక్కన పడిపోయింది. తెగిపోవడానికి కారణం కూడా ఈ మందమే. చక్రం వ్యాసంలో వెయ్యో వంతు కంటే బ్లేడు మందం మించకూడదని పాత లెక్క. 355 మి.మీ. చక్రానికి 0.35 అన్నమాట. 0.5 దాకా సర్దుకోవచ్చు. 0.8 మి.మీ. బ్లేడు ఆ చిన్న చక్రం చుట్టూ నిమిషానికి వందల సార్లు వంగి, నిటారై, మళ్ళీ వంగుతుంటే పళ్ళ గుంటల అడుగున నెర్రెలు వస్తాయి. తెగిన బ్లేడు ముక్క భూతద్దం కింద పెట్టి చూపించాను. ఒక్కో గుంటలో వెంట్రుకంత నల్ల గీత.

"అయితే మోటారుది తప్పు లేదా?" అన్నాడు.

"ఉంది. కానీ క్యూలో నాలుగోది."

పనికిరానివి

గట్టి స్ప్రింగు వేద్దాం అనుకున్నాం. వేశాం కూడా. ముప్పావు అంగుళం బ్లేడు 0.08 దాకా వెళ్ళింది, కానీ రైజర్ బ్లాక్ అతుకు దగ్గర ఫ్రేము ముందుకు వాలడం కంటికే కనిపించింది. పై చక్రం కింది చక్రంతో ఒకే వరుసలో లేక బ్లేడు అంచుకు జరిగింది. ఆ ఫ్రేము 6 అంగుళాల కోతకు పోతపోసింది. మధ్యలో దిమ్మ పెడితే ఎత్తు వస్తుంది కానీ వెన్ను గట్టిపడదు. ఒక గంట చూసి స్ప్రింగు తీసేశాను.

ఫెన్స్‌ను, అంటే చెక్కను ఆనించి తోసే పక్క పట్టీని, బ్లేడు లాగే కోణానికి తిప్పి బిగించాం. పక్కకు లాగడం తగ్గింది, నడుమ బొజ్జ తగ్గలేదు. అవి రెండూ వేరు జబ్బులు. చాలామంది మొదటి దాని మందే రెండో దానికీ వేస్తూ ఉంటారు.

సింగిల్ ఫేజ్ మీదే 3 హెచ్‌పీ నడిపే వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) పెడదామని షాపాయన ఎక్కడో విని వచ్చాడు. డ్రైవ్ మోటారును మెల్లగా లేపుతుంది, మొదలయ్యేటప్పటి కుదుపు ఉండదు, అంతవరకు మంచిదే. కానీ పని జరిగేటప్పుడు కావలసిన కరెంటు అదే సన్న లైను నుంచే రావాలి కదా. లైనే నీరసంగా ఉన్నప్పుడు డ్రైవ్ ఏం చేస్తుంది? వద్దన్నాను.

మొదట కుదిరింది

2 హెచ్‌పీ మోటారు విప్పించి పాత 1 హెచ్‌పీదే మళ్ళీ ఎక్కించాం. నాకు నామోషీగానే ఉంది, ఖర్చు నా మాట మీదే పెట్టాడు మరి. మీటరు నుంచి 4 చదరపు మి.మీ. వైరు లాగించాం. రెండు మెషీన్లూ తిరుగుతున్నా మోటారు దగ్గర 205 వోల్టులు నిలిచాయి. అర అంగుళం వెడల్పు, 0.5 మందం, అంగుళానికి మూడు పళ్ళ బ్లేడు వేశాం. పాత స్ప్రింగుతోనే అది 0.12 దాకా సాగింది. గైడ్ బేరింగుకూ బ్లేడుకూ మధ్య కాగితం మందం సందు వదిలి సెట్ చేశాను.

6 అంగుళాల చెక్క చక్కగా చీలింది. నడుమ తేడా అర మిల్లీమీటరు లోపే. 8 అంగుళాలు కూడా కోసింది, కానీ నిమిషానికి 30 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తోస్తే మూలుగుడే. 9 అంగుళాల స్తంభం చెక్క పెడితే మళ్ళీ బొజ్జ మొదలైంది. మోటారు గురించి షాపాయన మొదట అన్న మాట ఇప్పుడు నిజమైంది.

కొనాలా వద్దా

ఇక్కడ తొందరపడొద్దన్నాను. మూడు నెలల పనుల పుస్తకం తీయించి 6 అంగుళాలు దాటిన పలకలెన్నో లెక్క పెట్టించాను. మూడింట ఒక వంతు. పదింట ఒక వంతే అయితే, చెక్కను రెండు ముక్కలు చేసి చీల్చి మళ్ళీ అతికించుకోమని చెప్పి వచ్చేసేవాణ్ణి. మందిరం వెనక పలకలో అతుకు కనిపిస్తే కొనేవాళ్ళు ఒప్పుకోరు, మూడో వంతు పని అలా చేయలేం.

ఇంకో లెక్క కలపది. 2 అంగుళాల చెక్క అంటే 50 మి.మీ. నడుమ బొజ్జకు చిత్రిక పట్టాల్సి వస్తుందని ఇదివరకు 11 మి.మీ. మందంతో చీల్చేవాడు. కోతతో కలిపి నాలుగు పలకలు వచ్చేవి. బొజ్జ లేకపోతే 8 మి.మీ. చాలు, కోతకు ఒకటిన్నర పోయినా ఐదు పలకలు 46 మి.మీ.లో వచ్చేస్తాయి. ప్రతి చెక్కకూ ఒక పలక ఊరికే వస్తుంది. మళ్ళీ దొరకని బర్మా టేకు మీద ఆ పలక ధర అతనికి నాకంటే బాగా తెలుసు. కాగితం చూసి తల ఊపాడంతే.

3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నిండు భారం మీద 15 ఆంపియర్ల దాకా లాగుతుంది, మొదలయ్యేటప్పుడు అంతకు ఐదారు రెట్లు. అదే త్రీఫేజ్‌లో ఒక్కో ఫేజుకు 5 ఆంపియర్ల లోపు. కాబట్టి ముందు త్రీఫేజ్ కనెక్షన్, ఆ తర్వాతే మెషీన్ అని పట్టుబట్టాను. దానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ చిన్న మెషీనే కూడు పెట్టింది. ఈలోగా అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్ళి రమ్మన్నాను. ఉమ్మడి రాష్ట్రంలో 1969లోనే సా మిల్లుల నిబంధనలు వచ్చాయి, 2016లో కేంద్రం కలప పరిశ్రమలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద బ్యాండ్‌సా తెచ్చి పెట్టాక ఎవరో ఫిర్యాదు చేస్తే అప్పుడు పరుగెత్తడం కంటే, ఏ సైజు మెషీన్‌కు ఏం కావాలో కాగితం మీద అడిగి తెచ్చుకోవడం మేలు. కలప కొన్న రసీదులు కూడా ఫైలు చేసుకోమన్నాను. పాత ఇంటి టేకైనా అది ఎక్కడిదో చూపించాలి.

రెండు పాత మెషీన్లు చూశాం. మొదటిది 5 హెచ్‌పీ. కొత్త పెయింటు, పెద్ద మోటారు, షాపాయన కళ్ళు దాని మీదే. నా సంచిలోంచి వర్నియర్ తీసి వాళ్ళ ఒక అంగుళం బ్లేడు మీదే పెట్టాను. 0.09 దగ్గర టెన్షన్ స్క్రూ చివరకొచ్చేసింది. పై చక్రం ఇరుసు చేత్తో కదిపితే టకటక. రెండోది 20 అంగుళాల చక్రాలు, 3 హెచ్‌పీ, రంగు వెలిసిపోయింది, టేబుల్ మీద తుప్పు. ఒక అంగుళం వెడల్పు, 0.6 మందం బ్లేడుకు 0.15 వచ్చింది, ఇంకా స్క్రూ మిగిలే ఉంది. ఫ్రేము కదల్లేదు. డయల్ గేజీ పెట్టి చక్రాలు తిప్పితే వంకర పావు మిల్లీమీటరు లోపు. రబ్బరు టైర్లు ఎండి పగిలాయి, అవి మార్చుకునేవే.

"బాబాయ్, ఐదు హెచ్‌పీ వదిలేసి మూడు కొంటామా?"

"మోటారు ఎప్పుడైనా పెద్దది వేసుకోవచ్చు అబ్బాయ్. వెన్నెముక వేయలేం."

రంగు వెలిసినదే కొన్నాడు.

బిగించాక

అంగుళానికి మూడు పళ్ళ బ్లేడే వేశాం. చక్రం పెద్దది కావడంతో బ్లేడు వేగం నిమిషానికి 1,250 మీటర్ల దగ్గర వచ్చింది. నిమిషానికి ఒకటిన్నర మీటరు తోస్తే పంటికి 0.01 మి.మీ. పడుతోంది, మొదటి లెక్క కంటే నాలుగు రెట్లు పైన. 9 అంగుళాల స్తంభం చెక్క పెట్టాం. పలక విడిపోయాక షాపాయనే మూలమట్టం పట్టుకుని వెలుతురు దగ్గరికి వెళ్ళాడు. మూలమట్టం కింద పొడవునా సన్నటి వెలుగు గీత ఒకటే. పొట్టు రవ్వలా చేతికి తగిలింది.

మొదటి నెలలోనే రెండు బ్లేడులు మేకులకు పోయాయి. వేగం పెరిగింది కదా, మేకు తగిలేదాకా తోసేవాడికి తెలియదు. ఇప్పుడు ప్రతి చెక్కనూ చేతి మెటల్ డిటెక్టర్‌తో నాలుగు వైపులా చూస్తారు. దానికంటే ముందు కుర్రాడొకడు చిత్రిక ఒక వరుస పట్టి చూస్తాడు. ఇనుము ఉన్నచోట టేకు మీద నల్లటి మరక ఉంటుంది. ఆ మరక కనిపెట్టడంలో ఆ కుర్రాడు డిటెక్టర్ కంటే మెరుగు.

ఈ కేసు తర్వాత మోటారు చాలడం లేదని ఎవరు ఫోన్ చేసినా నేను అడిగేవి వేరే. కోసేటప్పుడు మోటారు దగ్గర వోల్టేజీ ఎంత, బ్లేడు అంగుళానికి పళ్ళెన్ని, మందమెంత, పొట్టు పిండిలా ఉందా రవ్వలా ఉందా. చీల్చిన పలక మీద మూలమట్టం పెట్టి ఫోటో పంపమంటాను. సగం కేసులు ఆ ఫోటోతోనే తేలిపోతున్నాయి. కొందరు విసుక్కుంటారు, ఒక్క ముక్కలో చెప్పమంటారు. ఒక్క ముక్కలో చెప్పి ఒకసారి ఏమైందో నాకు తెలుసు.

ఒక సమస్య ఇంకా ఉంది. ఈమధ్య పాత కలప దొరక్క తోట టేకు కూడా కొంటున్నాడు. అది పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి. చీల్చిన మర్నాటికి పలక దొప్పలా ముడుచుకుంటోంది. దానికి ఏ మెషీనూ ఏమీ చేయలేదు. చీల్చాక పుల్లలు పెట్టి పేర్చి, బరువు పెట్టి, కొన్ని వారాలు ఆగమన్నాను. ఆగుతున్నాడో లేదో ఈసారి వెళ్ళినప్పుడు చూడాలి.

చిన్న మెషీన్‌ను అమ్మలేదు. రైజర్ బ్లాక్ తీసేసి, పావు అంగుళం బ్లేడు వేసి, మందిరం శిఖరాల వంపులు కోస్తున్నారు. నా మాట మీద కొన్న 2 హెచ్‌పీ మోటారు ఏడాది పాటు మూలన పడి ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని చూడనట్టే ఉండేవాణ్ణి. టేకు పొట్టుకు కుర్రాళ్ళకు తుమ్ములు, దద్దుర్లు ఎక్కువవడంతో మొన్న పొట్టు లాగే ఫ్యాన్ ఒకటి కట్టించి, దానికి ఆ మోటారే బిగించి వచ్చాను.